చెవి వెనక శృతిదండం

గొంతు మీద కత్తి పెట్టి అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పడం మహా కష్టం. మంగలి నుల్లోకు ఆ సంగతి తెలుసు. అందుకే కత్తి సరిగ్గా కంఠమణి మీదికి వచ్చేదాకా ఊరుకుని, అక్కడ ఆపి అడిగాడు.

"నీ గొంతులో పై దో స్వరం ఉన్నట్టా, లేనట్టా?"

ఎర్మెతె మెజ్జాద్రి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. మెడ నిండా సబ్బు నురగ. పదిహేడేళ్ళ తర్వాత పార్మాలో కాలు పెట్టిన మనిషి. బ్యూనస్ ఎయిర్స్, లిస్బన్, షికాగో, వియన్నా, ఎక్కడ పాడితే అక్కడ జనం నెత్తిన పెట్టుకున్న గొంతు. సొంత ఊరి మంగలి మాత్రం బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఉంది," అన్నాడు ఎర్మెతె, పెదాలు కదపకుండా.

"ఉంటే మంచిదే. నిరుడు నేపుల్స్ నుంచి ఒకడొచ్చాళ్ళే. పై దో దగ్గరికొచ్చేసరికి తోక తొక్కిన పిల్లిలా అరిచాడు. వాడి కారు స్టేషను చేరేసరికి ఒక్క అద్దం మిగల్లేదు. నేనూ రెండు రాళ్ళేశాను, అబద్ధమెందుకు?"

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకోడు. వెరోనావాడు. మహా తెలివైనోడు. వాద్యాల వాళ్ళని మంచి చేసుకుని పాట మొత్తం అర మెట్టు దించేయించాడు. దో పాడాల్సిన చోట దాని కింది సి పాడితే వీళ్ళకేం తెలుస్తుందిలే అనుకున్నాడు. మిగతా ఊళ్ళనుకున్నాడా మమ్మల్ని? పైన గ్యాలరీలో కవాజ్జీని ఉన్నాడుగా!"

ఆ పేరు వినగానే ఎర్మెతె కుడి అరచెయ్యి చురుక్కుమంది.

"మీ గురువేగా," అన్నాడు నుల్లో. కత్తి మళ్ళీ నడిచింది. "ఇప్పుడు గ్యాలరీకి పెద్ద ఆయనే. ఎడం చెవి ఎప్పుడో జ్వరంలో పోయిందిట, నీకు తెలిసే ఉంటుంది. ఆ చెవి పోవడమే మా అదృష్టమయ్యా. జేబులోంచి శృతిదండం తీసి కమ్మీ మీద టంగుమనిపించి, ఆ చచ్చిన చెవి వెనక బొమిక్కి ఆనిస్తాడు. ఆ చెవికి బయట గోల ఎక్కదు కదా. దండం మోతొక్కటే తలకాయలో మోగుద్ది. రెండో చెవితో పాట వింటాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా దొరికిపోతారు. దండం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడనుకో, పాడినోడు గట్టెక్కినట్టే. పైకెత్తి పట్టుకున్నాడనుకో..."

ఎర్మెతె మింగిన గుటక కత్తికి తగిలింది. నురగ మీద సన్నటి ఎర్ర గీత తేలింది.

"కదలకు మరి! చూడు, తెగింది," అని విసుక్కుని నుల్లో పటికముక్క కోసం వెతుక్కున్నాడు.

ఈ మంగలి చెప్పింది కోతలు కావు. పార్మా ఒపేరాశాలలో కింద మెత్తటి కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషులు చప్పట్లు కొట్టడానికి వస్తారు. పైన, కప్పుకు తల తగిలే గ్యాలరీలో మంగళ్ళు, జున్ను వ్యాపారులు, గుర్రబ్బండ్ల వాళ్ళు, పందులు కోసేవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళకు పాటంటే చెవి కోసుకునేంత పిచ్చి. పాట చెడితే పాడినవాడి చెవి కోసే రకం కూడా వాళ్ళే. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటలో ఎర్మెతెది కమ్మరివాడి వేషం. మూడో అంకం చివర, అన్నను చంపినవాళ్ళ మీదికి ఊరిని లేపుతూ కమ్మరి పాడే పాట ఉంది. దాని ఆఖరి మాట మీద మగగొంతు ఎక్కగలిగిన చిట్టచివరి మెట్టు, ఆ పై దో, పాడాలి. నిజానికి ఆ స్వరం కాగితం మీద లేదు. కట్టినాయన రాయనే లేదు. పాత రోజుల్లో ఎవడో మొనగాడు సరదాకు పాడితే, అప్పటినుంచి అది తన ఆస్తి అన్నట్టు గ్యాలరీ పట్టుకు కూర్చుంది. కాగితంలో లేదు కదా అని మానేసినవాడి ఒళ్ళు హూనం చేసి పంపింది.

ఇక అసలు సంగతేమిటంటే, ఎర్మెతె దగ్గర ఆ దో లేదు.

రెండేళ్ళ కిందట మెక్సికో నగరంలో, ఇదే పాటలో, గొంతులో ఏదో పుటుక్కుమంది. ఆ రోజు ఉమ్మిలో నెత్తురు పడింది. వియన్నాలో వైద్యుడు అద్దం పెట్టి చూసి, "రక్తనాళం చిట్లి మానింది. సి వరకూ ఢోకా లేదు. దో జోలికి పోయావా, మాట్లాడ్డానికి కూడా గొంతు మిగలదు," అని తేల్చేశాడు. అప్పటినుంచి ప్రతిచోటా పాటను అర మెట్టు దించుకునే పాడుతున్నాడు. వియన్నా పట్టుకోలేదు. షికాగో లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. ఇక్కడ కూడా వాద్యబృందాన్ని నడిపే సవోల్ది, "సరే, దించుదాం, కానీ పట్టుబడితే నాకేం తెలియదంటాను," అని ఒప్పుకున్నాడు.

మరి అంత భయం ఉన్నవాడు రావడమెందుకు? అదే కదా రోగం. షికాగోకు ఒక కార్డు వచ్చింది. దాని మీద రెండే మాటలు. "రా. వింటాను." కింద కవాజ్జీని సంతకం. పదిహేడేళ్ళుగా ఉలుకూ పలుకూ లేని మనిషి రాసిన ఆ రెండు మాటలు చూసి, నలభై దగ్గరపడుతున్న పెద్ద గాయకుడు బట్టలు సర్దుకుని ఓడెక్కాడు.

ఎర్మెతె నాన్న పందులు కోసేవాడు. చలి మొదలైతే కత్తుల సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు. పిల్లాడు వెంట వెళ్ళి నెత్తురు బక్కెట్టు పట్టేవాడు. వాడికి పద్నాలుగేళ్ళప్పుడు ఒక పంది, గొంతు సగం తెగాక, తాళ్ళు తెంపుకుని వీధిన పడింది. దాని వెనక పరిగెత్తుతూ పిల్లాడు పెట్టిన కేక నది అవతలి ఒడ్డుకు వినపడింది. కాసేపటికి వంతెన దాటి ఒక పొట్టి మనిషి వచ్చాడు. నెత్తురు మడుగులో నిలబడ్డ పిల్లాడి దవడ పట్టుకుని, నోరు తెరిపించి, గుర్రాన్ని బేరం చేసేవాడిలా లోపలికి చూశాడు.

"ఈ అరుపు నాకు కావాలి," అన్నాడు వాళ్ళ నాన్నతో.

"తీసుకుపో. తిండి దండగ వెధవ," అన్నాడు నాన్న, కత్తి తుడుచుకుంటూ.

ఆ పొట్టి మనిషి లిచీనియో కవాజ్జీని. ఇరవై తొమ్మిదో ఏట ఇదే ఒపేరాశాలలో, ఇదే కమ్మరి వేషంలో, ఇదే దో దగ్గర ఆయన గొంతు చిరిగింది. పార్మాలో ఈలంటే మెప్పు కాదు, ఛీకొట్టడం. గ్యాలరీ ఈలలు వేసింది, బూట్లు విసిరింది, ఎవడో బతికున్న కోడిని కూడా విసిరాడు. వేరేవాడైతే ఊరు వదిలి పోయేవాడు. ఈయన మరుసటి ఆదివారం టికెట్టు కొనుక్కుని, తనను తరిమినవాళ్ళ మధ్యే వెళ్ళి కూర్చున్నాడు. ఆ మొండితనానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వడ్రంగి కొట్టు మీద ఒక్క గది. అందులో ఎనిమిదేళ్ళు చదువు. మొదటి ఏడాది పాటే లేదు. పిల్లాణ్ణి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కవాజ్జీని బూట్లతో వాడి పొట్ట మీద ఎక్కి నిలబడేవాడు. ఊపిరి బిగపట్టి ఆయన్ని మోయాలి. పొట్ట దిగిపోతే తోలు బెల్టు. రెండో ఏడాది ఒక స్వరం ఇచ్చాడు. పాడుతుంటే పిడికిట్లో వాడి గొంతు పట్టుకునేవాడు.

"ఒరే పందులోడి కొడకా, అరుపు పొట్టలోంచి రావాలి. ఇక్కణ్ణించి వచ్చిందో, ఇక్కడే నులిమేస్తా."

నులిమేవాడు కూడా. రెండుసార్లు పిల్లాడు కళ్ళు తేలేశాడు. శృతి జారితే పియానో మూత వేళ్ళ మీద పడేది. ఎడంచేతి చిటికెన వేలు అలా విరిగిందే, ఇప్పటికీ వంకర. ఇన్ని చేసిన మనిషి, సాయంత్రానికి తన కంచంలోని గుర్రం మాంసం తీసి వాడి కంచంలో వేసి, "తిను. బక్కోడి దగ్గర ఊపిరుండదు," అనేవాడు. ఆ ముక్క మింగుడుపడేది కాదు. అయినా మింగేవాడు.

ఇరవై రెండో ఏట ఒకరోజు ఎర్మెతెకు గొంతు బాగాలేదు. పియానో వాయించేవాణ్ణి బతిమాలి పాట అర మెట్టు దించుకున్నాడు. మొదటి వరుసలోనే కవాజ్జీని పట్టేశాడు. పియానో వాణ్ణి మెట్ల మీంచి కిందికి తోసి, తలుపు గడియ పెట్టి, బెల్టు తీశాడు.

"దించుకుంటావురా? జనానికి సగం తూకం వేస్తావురా? నీ నాన్నయినా నయం, పంది మాంసమని చెప్పి పంది మాంసమే ఇస్తాడు!"

కొట్టాడు, కొట్టాడు, చొక్కా చిరిగి వీపు పచ్చి పుండయ్యేదాకా కొట్టాడు. ఎప్పుడు లేచిందో తెలియదు, ఎర్మెతె కుడి చెయ్యి లేచింది. అరచెయ్యి పూర్తిగా విప్పి ఆయన ఎడమ చెవి మీద కొట్టాడు. పందుల్ని ఎత్తి కొక్కేనికి వేసిన చెయ్యి అది. పొట్టి మనిషి వెళ్ళి గోడకు కొట్టుకున్నాడు. చెవిలోంచి నెత్తురు జారి కాలరు మీద పడింది.

గోడకు ఆనుకునే కవాజ్జీని అన్నాడు. "ఇప్పుడు పాడు."

ఎర్మెతె పాడాడు. పై దో అప్పుడు వచ్చింది. జీవితంలో మొట్టమొదటిసారి, గది కిటికీలు అదిరేలా వచ్చింది.

"అదీ! అది గుర్తు పెట్టుకో. ఇక నాకు కనపడకు," అన్నాడు కవాజ్జీని.

అంతే. ఊరికి జ్వరమని చెప్పుకున్నాడు తప్ప శిష్యుడు కొట్టాడని ఎవరికీ చెప్పలేదు. ఎర్మెతె దేశాలు పట్టుకుపోయాడు. ఎక్కడ దో పాడబోయినా ముందు ఆ అరచెయ్యి మండేది, ఆ తర్వాత స్వరం వచ్చేది. ఆ మంట ఊరికే ఉండనిచ్చేది కాదు. లిస్బన్‌లో తన పాటకు అడ్డొచ్చిన తోటి గాయకుడి ముక్కు పగలగొట్టాడు. షికాగోలో పియానో వాయించే కుర్రది ఒక్క మెట్టు తప్పితే దాని తల పియానోకేసి కొట్టాడు. బ్యూనస్ ఎయిర్స్‌లో కట్టుకున్న అమపోలా ఒక పన్ను పోగొట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పేపర్లు దీన్ని 'గొప్ప కళాకారుడి ఆవేశం' అని రాశాయి. ఆవేశమట, నా బొంద! కవాజ్జీని నేర్పినవాటిలో ఊపిరి ఒకటైతే, కొట్టడం రెండోది.

ఆదివారం పొద్దున్నే ఎర్మెతె వడ్రంగి కొట్టు మెట్లెక్కాడు. ఆట మధ్యాహ్నం మూడింటికి. మంగలి పెట్టిన గాటు ఇంకా మండుతూనే ఉంది.

కవాజ్జీని తలుపు తీసి పైకీ కిందికీ చూశాడు. ఇంకా పొట్టివాడయ్యాడు. "లావెక్కావు," అన్నాడు. అదీ పదిహేడేళ్ళ తర్వాత పలకరింపు.

"మాయెస్త్రో, మీరు కార్డు రాశారు. వచ్చాను."

"వచ్చావు సరే. పాడు. ఒక్క వరుస."

"ఇప్పుడా? గొంతు..."

"పాడమన్నానా!"

పాత పిడికిలి వచ్చి గొంతు పట్టుకుంది. వేళ్ళు సన్నబడ్డాయి కానీ బిగువు తగ్గలేదు. ఎర్మెతె ఒక్క వరుస పాడాడు. ముసలాయన కళ్ళు మూసుకుని, బొటనవేలు కొద్దిగా కదిపి, వదిలేశాడు.

"ఎక్కడ పోగొట్టావు?"

"మెక్సికోలో. రెండేళ్ళయింది."

"దించుకుని పాడుతున్నావు."

"అవును."

"ఇవాళ కూడానా?"

ఎర్మెతె తల వంచుకున్నాడు. పదకొండు గంటలకు మిలాన్ రైలుందని, ఎక్కి పొమ్మని ముసలాయన అన్నాడు.

"పోతే ఊరంతా పిరికిగొడ్డంటది మాయెస్త్రో! ప్రపంచమంతా పాడి ఇక్కడ పాడకపోతే నేను పాడినట్టేనా? మీరొక్కరు ఆ దండం తీసుకురాకండి. అంతే చాలు. మీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు పట్టుకునేవాడు మరి దొంగతూకం ఎందుకురా?" కవాజ్జీని గొంతు లేచింది. "నా గొంతు చిరిగితే చిరిగింది. ఉన్న మెట్టు మీదే చిరిగింది, దించుకోలేదు! నువ్వు దించి పాడితే నేను దండం ఎత్తుతా. కన్నకొడుకైనా ఎత్తుతా. నువ్వు నాకంటే గొప్పోడివేం కాదు."

"నన్ను చంపుతారు వాళ్ళు."

"చంపనీ!"

ఎర్మెతెకు కళ్ళు బైర్లు కమ్మాయి. ముసలాయన చొక్కా పట్టుకుని గోడకు అదిమి, జేబులో చెయ్యి పెట్టి శృతిదండం లాక్కున్నాడు. కవాజ్జీని విడిపించుకోలేదు. మెల్లగా తల తిప్పి కుడి చెవి చూపించాడు.

"దండం కాదురా, పిచ్చి వెధవా, అలాంటివి బజార్లో బోలెడు. ఇదిగో, ఇది మిగిలింది. ఒకటి కొట్టావుగా, దీన్నీ కొట్టు. ఇక నాకేం వినపడదు. నీకు పీడా పోతుంది. కానివ్వు!"

చెయ్యి లేచింది. అరచెయ్యి నిప్పు పట్టుకున్నట్టు మండుతోంది. ఒక్క దెబ్బ చాలు, ఎవరికీ తెలియదు, ముసలాయన మళ్ళీ జ్వరమనే చెబుతాడు. ఆ చెవి తెల్లగా, పలచగా, వెంట్రుకలతో, పండుటాకులా ఉంది.

లేచిన చెయ్యి కొట్టకుండా దిగింది. ఎర్మెతెకు తన జీవితంలో అలా జరిగిన జ్ఞాపకం లేదు. శృతిదండాన్ని ముసలాయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, మెట్లు దిగిపోయాడు.

మూడింటికి తెర లేచింది. బయట మంచు చేత్తో తోసుకుంటూ నడవాల్సినంత చిక్కగా ఉంది. లోపల గ్యాలరీ కిటకిటలాడుతోంది. మొదటి అంకానికి గ్యాలరీ మాట్లాడలేదు. రెండో అంకంలో కమ్మరి అన్న శవం దగ్గర ఎర్మెతె పాడిన పాటకు ఎవడో, "బాగుందిరా మెజ్జాద్రీ! కానీ మేం దీనికోసం రాలేదు!" అని అరిచాడు. అందరూ నవ్వారు.

మూడో అంకం. వేదిక మధ్య ఇనుము కొట్టే నిజం దాగలి, ఎర్మెతె చేతిలో నిజం సుత్తి. సవోల్ది వాద్యాలెత్తాడు, అర మెట్టు దించి. కింద కుర్చీల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. పైన, కమ్మీ దగ్గర సరిగ్గా నడిమధ్యన, కవాజ్జీని లేచి నిలబడ్డాడు. జేబులోంచి దండం తీశాడు. కమ్మీ మీద కొట్టి ఎడమ చెవి వెనక ఆనించాడు. గ్యాలరీలో ఒక్క మొహం కూడా వేదిక వైపు లేదు. మూడు వందల మంది ఆ ముసలివాడి చేతినే చూస్తున్నారు.

ఎర్మెతె పాడాడు. ఏం చేస్తాడు, పాడాడు. అన్న నెత్తురు, కొలిమి నిప్పు, ఊరి మగతనం, అన్నీ పాడి ఆఖరి మాట మీదికి వచ్చాడు. దో ఉండాల్సిన చోట సి వచ్చింది. గుండ్రంగా, నిండుగా, పన్నెండు లెక్క పెట్టేదాకా నిలబడింది. ఇంత మంచి సి అతను ఎక్కడా పాడి ఉండడు. పాడుతూనే కళ్ళెత్తి పైకి చూశాడు.

కవాజ్జీని ముఖంలో కండ కదల్లేదు. చెవి వెనకనుంచి దండం తీశాడు. మెల్లగా, అందరికీ కనపడేలా, జేబులో పెట్టుకున్నాడు.

శాల దద్దరిల్లింది. మూడు వందల గొంతులు ఒక్కసారి అరిచాయి. ఆ మనిషి అబద్ధమాడాడు! ఎనిమిదేళ్ళు తోలు వొలిచి నిజం నేర్పినవాడు, తనకోసం, ఊరందరి ముందు అబద్ధమాడాడు.

"ఆగండి! ఆగండహే!"

జున్ను వ్యాపారి ఆఫ్రో బొచ్చి బెంచీ మీదికి ఎక్కాడు. ఎద్దులాంటి మనిషి. కవాజ్జీని స్థానం మీద పదేళ్ళుగా కన్నేసి ఉన్నాడు. అతని చేతిలో ఇంకో శృతిదండం ఉంది.

"నేనూ తెచ్చా! నా చెవులు రెండూ బానే ఉన్నాయి! అది సి! పాట మొత్తం అర మెట్టు దించారు! ఈ ముసలోడికి తెలిసీ జేబులో పెట్టుకున్నాడు!"

బొచ్చి దండాన్ని పక్కవాడి చెవి దగ్గర పెట్టాడు, ఆ పక్కవాడు ఇంకొకడి దగ్గర పెట్టాడు.

"నిజమేరా!"

"అమ్ముడుపోయావా ముసలి కుక్కా!"

"నీ మాట మీద ఎంతమందిని తరిమామురా, దొంగా!"

పాడేవాడు మోసం చేస్తే గ్యాలరీకి కోపం. గ్యాలరీ పెద్దే మోసం చేస్తే ఏమవుతుందో అంతకుముందు ఎవరూ చూడలేదు. బొచ్చి మొదటి గుద్దు మూతి మీద గుద్దాడు. నుల్లో, ఆ మంగలే, జుట్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. ఆ తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు. పిడికిళ్ళు లేస్తున్నాయి, పడుతున్నాయి. ముసలాయన ఒక్కసారి కమ్మీ మీదికి వంగి కనపడ్డాడు, మూతంతా నెత్తురు. ఎవడో కాళ్ళు పట్టుకుని ఎత్తుతున్నాడు. కింద నలభై అడుగుల లోతున రాతి నేల ఉంది.

"తెర! తెర దించండి!" అని సవోల్ది అరుస్తున్నాడు.

పైకి వెళ్ళాలంటే బయటికి పోయి, చుట్టూ తిరిగి, నూట ఇరవై మెట్లు ఎక్కాలి. అప్పటికి మిగిలేది శవమే. ఎర్మెతెకు తన దగ్గర ఉన్నది ఒక్కటే కనిపించింది. సుత్తి రెండు చేతులా ఎత్తి దాగలి మీద బలంకొద్దీ కొట్టాడు. శాల అంతా ఖంగుమంది. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టేసరికి తలలు ఇటు తిరిగాయి.

"నేనే దించమన్నాను!" అని అరిచాడు. "నా దగ్గర దో లేదు. ఆయన్ని వదలండి! సవోల్దీ, అసలు మెట్టులో ఎత్తు!"

"పిచ్చెక్కిందా నీకు? గొంతు పోతుంది!"

"ఎత్తవయ్యా బాబూ!"

సవోల్ది ఎత్తాడు. ఈసారి అసలు మెట్టులో. పైన పిడికిళ్ళు గాల్లో ఆగాయి కానీ ముసలాయన్ని ఎవరూ వదల్లేదు. కాళ్ళు పట్టుకున్నవాడు పట్టుకునే ఉన్నాడు. విందాం, ఆ తర్వాత చూద్దాం అన్నట్టున్నారు.

ఎర్మెతె ఆఖరి నాలుగు వరుసలు పాడాడు. పొట్ట మీద ఆ బూట్లు ఎక్కి నిలబడ్డట్టే ఉంది. అరచెయ్యి కోసం చూసుకున్నాడు. మంట లేదు. చల్లగా, ఊరికే ఒక చెయ్యిలా ఉంది. అది లేకుండానే దో మీదికి ఎక్కాడు.

వచ్చింది. ఒక్క లెక్క, రెండు లెక్కలు, శుద్ధమైన దో. కింద ఎవరో ముసలావిడ అబ్బా అంది. మూడో లెక్కకు గొంతులో పాత గుడ్డ చిరిగినట్టు చిరిగింది. దో కాస్తా గీపెట్టిన పంది అరుపైంది. అతను నోరు మూయలేదు. ఇంకా తోశాడు. ఎంత వికారంగా వస్తే అంత వికారంగా, నోట్లో ఉప్పగా నెత్తురు తగిలేదాకా, ఆ చిరుగును అలాగే లాగాడు.

గ్యాలరీ క్షమిస్తుందా? పార్మాలోనా? ఒక్కడు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే పదిమంది, వందమంది. గ్యాలరీ వాళ్ళు ఛీకొడుతూ వేసే ఆ ఈల వేయాలంటే రెండు చేతులూ కావాలి. బొచ్చి పిడికిలి విప్పి వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. నుల్లో పట్టుకున్న జుట్టు వదిలేశాడు. కాళ్ళు పట్టుకున్నవాడు కూడా ముసలాయన్ని గోనెసంచిలా బెంచీ మీద పడేసి, ముందుకు ఉరికి ఈలందుకున్నాడు. మూడు వందల మంది ఈల వేస్తున్నారు. బూట్లు పడుతున్నాయి, నారింజలు పడుతున్నాయి. ఒక సీసా దాగలికి తగిలి పగిలి గాజుపెంకు ఎర్మెతె చెంప కోసింది. అతను కదల్లేదు. ఎవరి చేతులూ ముసలాయన మీద లేవు, అది చూస్తున్నాడు.

బెంచీల మధ్యనుంచి ఒక చెయ్యి లేచి కమ్మీ పట్టుకుంది. కవాజ్జీని పైకి లేచాడు. ఒక కన్ను మూసుకుపోయింది, పెదవి చీలి వేలాడుతోంది. జేబు తడుముకుని శృతిదండం తీశాడు. కమ్మీ మీద కొట్టి, చచ్చిన చెవి వెనక ఆనించి, ఆ ఈలల హోరులో కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. విన్న ఆ రెండు లెక్కల దోను ఆ మోతతో సరిచూసుకుంటున్నాడని ఎర్మెతెకు అర్థమైంది. ముసలాయన తల ఒక్కసారి, గట్టిగా, సరిగ్గా ఉందన్నట్టు ఊగింది.

ఆ తర్వాత దండం జేబులో పెట్టుకుని, నెత్తురోడుతున్న రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, అందరిలాగే ఆయన కూడా ఈల వేశాడు. దో చిరిగింది కదా, వేయాల్సిందే. ముందు పళ్ళు రెండు పోయాయేమో, గాలి తప్ప చప్పుడు రాలేదు. ఆయన మాత్రం ఆపకుండా వేస్తూనే ఉన్నాడు.

ఎర్మెతెకు నవ్వొచ్చింది. నవ్వడానికి గొంతు పెగల్లేదు. నోటినిండా ఊరిన నెత్తురు మింగి, సుత్తి దాగలి మీద పెట్టి, గ్యాలరీ నడిమధ్యకు చూస్తూ నడుము వంచి దణ్ణం పెట్టాడు.